గుడారములో సంసారము

విజయనగరమునకు సమీపమున, నెల్లిమర్ల మండలములో రామతీర్థమను పుణ్యక్షేత్రము కలదు. బోధికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ అను కొండల చెంత వెలసిన ఈ గ్రామమున రామాలయమును, దాని ప్రక్కనే శివాలయమును ఉన్నవి. భీష్మ ఏకాదశినాడు స్వామి కల్యాణమును చూచుటకును, మహాశివరాత్రినాడు జాగరణము చేయుటకును జనులు ఇచ్చటకు విశేషముగా వత్తురు. మన ఉత్తరాంధ్రములో జాతరను ‘తీర్థము’ అనుట వాడుక. తీర్థమునకు పోవుటయనగా ఒక్కడు పోవుట కాదు, ఇల్లు ఇల్లంతయు కదలిపోవుట. ముసలివారు, పసివారు, బియ్యపుమూట, వంటపాత్రలు, పక్కబట్టలు అన్నియు వెంట నుండవలసినదే.

పూర్వము ఎడ్లబండి కట్టుకొని తీర్థములకు పోవువారు. చెట్టునీడను బండి ఆపి, కాడి దింపి, బండి ప్రక్కన రెండు గుంజలు పాతి, వానిపై దుప్పటి కట్టినచో అదియే ఆ రాత్రికి ఇల్లు. నేడు బండ్లకు బదులు ఆటోలు, ట్రాక్టర్లు వచ్చినవి. దుప్పటికి బదులు టార్పాలిను వచ్చినది. కాని ప్రశ్న మాత్రము మారలేదు. ఒక్క గుడ్డ క్రింద ఒక సంసారము ఇరుకులేకుండ, తగవులేకుండ, మర్యాద చెడకుండ కాలము గడపుట యెట్లు? ఈ పాఠమున ఆ విషయమును విచారింతము.

మొదట కొంచెము లెక్క వేయుదము. ఒక గుడారము 10 అడుగుల వెడల్పును, 8 అడుగుల లోతును కలదనుకొనుడు. దాని వైశాల్యము 80 చదరపు అడుగులు. అందు నాయనమ్మ, తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు ఉందురనుకొనుడు. పెద్దవాడు పరుండుటకు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అనగా 12 చదరపు అడుగులు కావలెను. ముగ్గురు పెద్దలకు 36. ఒక్కొక్క పిల్లవానికి 10 చొప్పున ఇద్దరికి 20. మొత్తము 56 చదరపు అడుగులు పడకలకే సరిపోవును. మిగిలినది 24 మాత్రమే. ఆ మిగిలిన చోటనే మూటలుండవలెను, నీళ్లబిందె యుండవలెను, నడచుటకు త్రోవయు నుండవలెను. ఇక కూర్చుండుటకు, భుజించుటకు, బట్టలు మార్చుకొనుటకు చోటెక్కడ?

ఈ చిక్కును మన పెద్దలు ఒక చక్కని యుపాయముతో విడదీసిరి. ఇంటిలో మనము స్థలమును పంచుకొందుము: ఇది వంటిల్లు, ఇది పడకగది, ఇది వసారా. గుడారములో అట్లు పంచుటకు స్థలము లేదు. కావున అచ్చట కాలమును పంచుకొనవలెను. తెల్లవారగనే పక్కలన్నియు చుట్టి వెనుకవైపునకు చేర్చినచో పడకగది చావడియగును. చుట్టిన పక్కలే కూర్చుండుటకు ఆసనములగును. భోజనవేళకు ఆ చోటనే విస్తళ్లు పరచినచో భోజనశాల యగును. స్త్రీలు బట్టలు మార్చుకొనవలసినపుడు ఒక త్రాటిపై చీర వ్రేలాడగట్టుదురు. పురుషులును, మగపిల్లలును చెప్పించుకొనకయే వెలుపలికి పోవుదురు. అప్పుడు అదియే చాటుగది. రాత్రి మరల పడకగది. ఇట్లు ఒకే చోటు ఒక దినములో నాలుగు గదులగుచున్నది.

ఈ యేర్పాటు సాగవలెనన్నచో ఒక్క నియమము తప్పనిసరి. ప్రతివాడును తన పని ముగియగనే తన వస్తువును తీసివేయవలెను. ఇంటిలో ఒకడు పొద్దెక్కువరకు నిద్రించిన వానికి మాత్రమే నష్టము. గుడారములో ఒకడు పక్క చుట్టకున్నచో అందరి భోజనము ఆగిపోవును.

కాలమును పంచుకొన్నను, కొన్ని వస్తువులకు స్థిరమైన స్థానము లుండవలెను. చీకటిలో చేయిచాచినంతనే దొరకవలసినవి అవియే. పాదరక్షలు ద్వారము వెలుపల, నీళ్లబిందె ద్వారమునకు లోపల ఒక మూల ఉండును. బట్టలమూటలు, బియ్యపుమూట వెనుక అంచు వెంబడి వరుసగా పేర్తురు. అవి గుడ్డ యంచును అదిమిపట్టి చలిగాలిని ఆపును, తలగడలుగ పనికివచ్చును, దొంగచేతికి అందకుండ పరున్నవారి తలాపుననే యుండును. ఒక్కమూటతో మూడు ప్రయోజనములు! పరున్నవారి కాళ్లచెంత ఒక చివరనుండి మరియొక చివరకు 2 అడుగుల త్రోవ విడువవలెను. ఆ త్రోవలో ఏ వస్తువును ఉంచరాదు. అర్ధరాత్రి లేచినవాడు పరున్నవారిని త్రొక్కకుండ వెలుపలికి పోవుటకు అదియే దారి.

ఎవరెచ్చట పరుండవలెననుటకును కారణములు కలవు. నాయనమ్మ రాత్రి ఒకటి రెండుసారులు లేచును గనుక ఆమె పక్క ద్వారమునకు దగ్గరగా నుండును. గాలి వీచువైపున తండ్రి పరుండును. పిల్లలు నడుమ నుందురు. ఇరుప్రక్కల పెద్దల దేహముల వెచ్చదనము వారికి తగులును, నిద్రలో దొర్లినను వారు వెలుపలికి పోరు. చిన్నబిడ్డ ప్రక్కన తల్లి యుండును. నేల ఏటవాలుగ నున్నచో మిట్టవైపున తల పెట్టవలెను. ఉత్తరపు దిక్కున తల పెట్టరాదను మన యాచారమును గూడ పాటించువారు గుడారము వేయునప్పుడే దాని ముఖము ఎటు తిప్పవలెనో ఆలోచింతురు.

పక్క క్రింద ఎండుగడ్డి పరచుట మన రైతుల యలవాటు. ఎద్దులకొఱకు తెచ్చిన వరిగడ్డియే మనుష్యులకును పరుపైనది. ఇందొక ప్రకృతిసూత్రము కలదు. చల్లని నేల మన దేహపు వేడిమిని నిలువున లాగుకొనును. పై దుప్పట్లు ఎన్ని కప్పుకొన్నను క్రిందినుండి పోవు వేడిమిని అవి ఆపలేవు. గడ్డిపోచల నడుమ చిక్కుకొన్న గాలి వేడిమిని పోనీయదు. కావున చలిరాత్రి రెండు దుప్పట్లున్నచో ఒకటి క్రింద పరచుకొని మరియొకటి కప్పుకొనుటయే మేలు.

మన యూపిరిలో నీటియావిరి యుండును. అన్ని ప్రక్కలను బిగించిన గుడారములో ఆ యావిరి చల్లని గుడ్డకు తగిలి బిందువులై తెల్లవారుసరికి చినుకులవలె రాలును. వాన పడలేదు గదా, పక్కలెట్లు తడిసినవని పిల్లలాశ్చర్యపడుదురు. ఎంత చలిగ నున్నను పైభాగమున గాలిపోవుటకు కొంత సందు విడువవలెను. నూలుగుడ్డతో చేసిన గుడారమును వాన కురియునపుడు లోపలినుండి వ్రేలితో తాకరాదు. తడిసిన నేతలోని నీరు దారముల నడుమ పట్టుకొని యుండును. వ్రేలు తగిలినచో ఆ పట్టు సడలి, అచ్చటనే కారుట మొదలిడును.

అన్నింటికంటె జాగ్రత్తగ చూడవలసినది నిప్పు. పొయ్యి ఎల్లప్పుడును గుడారమునకు వెలుపల, గాలి గుడారమునుండి పొయ్యివైపునకు వీచుచోట నుండవలెను. అప్పుడు పొగయు, నిప్పురవ్వలును గుడ్డమీదికి రావు. చలికోర్వలేక కుంపటిని లోపల పెట్టుకొని ద్వారము మూయుట ప్రాణాంతకము. బొగ్గులు సరిగా మండనిచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారికి అది వచ్చినట్లే తెలియదు, వారు నిద్రలోనే ప్రాణములు కోల్పోవుదురు. దీపమును వ్రేలాడదీయవలసివచ్చినచో నూనెదీపమునకంటె బ్యాటరీదీపము క్షేమకరము.

తెలుగువారి గుడారపు బ్రతుకును విస్తారముగ చూడగోరువారు తెలంగాణములోని మేడారమునకు పోవలెను. ములుగు జిల్లాలో, అడవినడుమ, రెండేండ్లకొకసారి మాఘపూర్ణిమ ప్రాంతమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. కోయలు ఈ దేవతల పూజారులు. 1996లో ఈ జాతరను ప్రభుత్వము రాష్ట్రపండుగగ ప్రకటించెను. 2024లో ఫిబ్రవరి 21 నుండి 24 వరకు నాలుగుదినములు ఇది జరిగెను. జనులు జంపన్నవాగులో స్నానమాడి, ‘బంగారము’ అని పిలుచు బెల్లమును గద్దెలకడ సమర్పింతురు. అంతమందికి అచ్చట ఇండ్లెక్కడివి? పొలములలోను, చెట్లక్రిందను నాలుగు కఱ్ఱలు పాతి, టార్పాలిను కప్పి, చుట్టును చీరలు కట్టి కుటుంబములు బసచేయును. ఎవరి వంట వారి గుడారము ముందే. ప్రక్కగుడారమునకును మనకును నడుమ నున్నది ఒక్క చీరయే యైనను, దాని నెత్తి తొంగిచూచుట తప్పని అందరును ఎఱుగుదురు.

ఇతరదేశములలో జీవితమంతయు గుడారములోనే గడపు జాతులు కలవు. మంగోలియా పశుపాలకులు ‘గేర్’ అను గుండ్రని గుడారములో నివసింతురు. కఱ్ఱల జాలిపై ఉన్నికంబళి కప్పి దానిని నిర్మింతురు. ద్వారము దక్షిణముఖముగ నుండును. పొయ్యి నడుమ నుండును. ద్వారమున కెదురుగ నున్న ఉత్తరభాగము గౌరవస్థానము; పెద్దలును, అతిథులును అచ్చట కూర్చుందురు. పడమటిప్రక్క పురుషుల జీనులు, కళ్లెములు ఉండును. తూర్పుప్రక్క స్త్రీల వంటపాత్రలు ఉండును. లోపల ఒక్క గోడయు లేదు. అయినను ఏ చోటు ఎవరిదో చిన్నపిల్లవానికి సైతము తెలియును. గడపను త్రొక్కి లోనికి పోవుట వారికిని అమర్యాదయే. ఈ గుడారమును నిర్మించు నేర్పును, దానితోడి యాచారములను యునెస్కో సంస్థ 2013లో మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చెను.

అరబ్బుదేశపు ఎడారులలో బెదూయినులు మేకవెండ్రుకలతో నేసిన నల్లని గుడారములను వాడుదురు. ఆ నేత పొడిగ నున్నపుడు దానిసందులగుండ గాలి ఆడును. వాన పడినపుడు వెండ్రుకలు ఉబ్బి సందులు మూసికొనును. వారు గుడారము నడుమ నొక తెర కట్టుదురు. తెరకు ఒకప్రక్క అతిథులకు కాఫీ కాచి యిచ్చు చోటు, మరియొకప్రక్క స్త్రీలును, పిల్లలును, వంటయు నుండు చోటు. ఎంత బీదవాడైనను అతిథికొఱకు చోటు విడువకుండ గుడారము వేయడు.

విద్యార్థులారా! గుడారమును విందువినోదముల వస్తువుగ మాత్రమే తలపకుడు. మన తీరమున 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వీచెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాను దెబ్బతీసెను. ఇంటి పైకప్పు ఎగిరిపోయిన కుటుంబమునకు మరునాడు కావలసినది ఒక టార్పాలినును, దానిక్రింద తగవులేకుండ బ్రతుకు నేర్పును. ఆ నేర్పు ఏ యింటివారికి ఏనాడు కావలసివచ్చునో ఎవరును చెప్పలేరు.

ఊరిచివర టార్పాలిను గుడారములు వేసికొని, కొన్నాళ్లుండి మరియొక ఊరికి సాగిపోవు సంచారజాతులను మీరు చూచియుందురు. వారికి గుడారము ఒక్కరాత్రి బస కాదు. పుట్టుట, పెరుగుట, పెండ్లాడుట అన్నియు దానిలోనే. ఆ గుడారములు పొట్టిగ నుండుట చూచి కొందరు నవ్వుదురు. పొట్టిగ నున్నందుననే గాలి వానిని పడద్రోయలేదు. లోపలకు తొంగిచూడక, వెలుపలినుండియే గమనించినను మీకు కొన్ని సంగతులు తెలియును: పొయ్యి వెలుపలనే, గాలి కెదురుకాని చోట, ముంగిలి ఊడ్చియుండును, గుంజకు కట్టిన చీరయుయ్యాలలో బిడ్డ నిద్రించుచుండును. అంత యిరుకుచోట అంత పొందిక నేర్చినవారు మనకు గురువులు కాదగుదురుగాని నవ్వులపాలు కాదగరు.

ఆ గుడారములనుండి ఒక బాలుడో బాలికయో మీ తరగతికి రావచ్చును. వయస్సునకు రుజువు లేదనిగాని, చేరుగడువు ముగిసినదనిగాని అట్టి బిడ్డలను బడిలో చేర్చుకొనక పంపివేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము నిర్దేశించుచున్నది. బడిలో చోటు చట్టమిచ్చును. బల్లపై చోటు మాత్రము మీరే యీయవలెను. అయిదుగురు పరుండుచోట తన పక్కను తాను చుట్టి, తమ్మునికి చోటిచ్చి, దీపపు వెలుతురులో పాఠము చదివి వచ్చిన బిడ్డయది. మీరు కొంచెము జరుగుడు. జరిగి చోటిచ్చుట యనునది గుడారములో ఇమిడి బ్రతుకువారందరును మొదట నేర్చిన పాఠము.