అంగారక సేనలు - లాలాపేట ఆకాశం

గ్రహాంతరాల నుంచి శత్రువులు దిగివస్తారు. పట్టణాలు తగలబడతాయి. సైనికులు ఫిరంగులతో ఎదిరిస్తారు. విమానాలు బాంబులు కురిపిస్తాయి. ఇక మానవజాతి పని అయిపోయిందనుకునే వేళకు ఏదో ఒక ఉపాయం దొరుకుతుంది. హాలీవుడ్ నిర్మాతలకు ఈ కథంటే మహా మక్కువ. ఎన్నిమార్లు తీసినా వారికి తనివి తీరలేదు.

ఈ చిత్రాలన్నిటికీ తాత అనదగింది హెచ్. జి. వెల్స్ రాసిన 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవల. 1898లో పుస్తకరూపంలో వచ్చింది. అంగారక గ్రహవాసులు ఇంగ్లండు మీద దండెత్తడం ఇందులోని కథ. ఆనాటి ఇంగ్లండు అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు గదా! సగం ప్రపంచాన్ని గడగడలాడించిన ఆ దేశంలో జనం మూటాముల్లె సర్దుకుని పరుగులు తీస్తారు. వెల్స్ ఊరికే ఇలా రాయలేదు. తెల్లవారు టాస్మేనియా ఆదివాసులను రూపుమాపిన సంగతిని మొదటి అధ్యాయంలోనే ఎత్తి చూపాడు. అంగారకులు మన మీద అదే పని చేస్తే ఆక్షేపించే హక్కు మనకెక్కడిదని నిలదీశాడు.

1953లో జార్జి పాల్ ఈ కథను రంగుల చిత్రంగా నిర్మించాడు. బైరన్ హాస్కిన్ దర్శకుడు. కథాస్థలం ఇంగ్లండు నుంచి కాలిఫోర్నియాకు మారింది. సైన్యం శత్రుయంత్రాలను చుట్టుముడుతుంది. వాటిని కాపాడే అదృశ్య కవచం ముందు తుపాకులు, ఫిరంగులు దండగ. కడపట అణుబాంబు వేస్తారు. పొగ విడిపోయేసరికి శత్రువు చెక్కుచెదరకుండా ముందుకు వస్తూ వుంటాడు! ఈ దృశ్యాల పనితనానికి ఆస్కార్ బహుమతి లభించింది. మరి గెలిచిందెవరంటారా? కంటికి కనపడని సూక్ష్మజీవులు. మనుషులు తరతరాలుగా వాటితో కాపురం చేసి తట్టుకోవడం నేర్చుకున్నారు. కొత్తగా వచ్చిన అంగారకులకు ఆ బలం లేదు. సేనలు చేయలేని పని పురుగులు చేశాయి.

మన దక్షిణాదివారి ఊహ మరో దారి పట్టింది. 1963లో వచ్చిన తమిళ చిత్రం 'కలై అరసి'లో కూడా అన్య గ్రహవాసులు భూమికి వస్తారు. వారు రాజ్యం కోసం రాలేదు, సంగీతం కోసం వచ్చారు! ఎం. జి. రామచంద్రన్ సరసన ద్విపాత్రాభినయం చేసినది మన భానుమతి. ఆ గాయనిని ఎత్తుకుపోతారు. భానుమతి కంఠం విన్నవారెవరూ ఆ గ్రహవాసుల అభిరుచిని తప్పుపట్టలేరు.

సినిమా మాట అలా వుంచి, నిజంగా ఆకాశం నుంచి ప్రాణులు వస్తున్నాయా అన్న విచారణ మన లాలాపేటకు కొద్ది మైళ్లలోనే జరిగిందంటే చాలామందికి ఆశ్చర్యం కలగవచ్చు. అటు ఈసీఐఎల్ దగ్గర టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం వుంది. ఇటు హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద సి. సి. ఎం. బి. వుంది. ఈ రెండింటి నడుమ మౌలాలి, లాలాపేట, నాచారం.

2005 ఏప్రిల్ 20న ఆ కేంద్రం నుంచి ఇస్రోవారి పరికరాలతో ఒక పెద్ద బెలూన్ లేచింది. పరికరాల బరువు 459 కిలోలు. వాటిని చల్లబరచడానికి వాడిన ద్రవ నియాన్ 38 కిలోలు. ముందుగా శుద్ధిచేసిన ఉక్కు గొట్టాలు 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి, పారాచూట్‌తో దిగివచ్చాయి. విచిత్రమేమిటంటే, అదే సంవత్సరం జూన్‌లో స్పీల్‌బర్గ్ తన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'ను విడుదల చేశాడు!

ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత నార్లికర్ ఈ పరిశోధనకు నాయకుడు. ఆ గాలిని సి. సి. ఎం. బి.లోనూ, పూనాలోని మరో ప్రయోగశాలలోనూ విడివిడిగా పరీక్షించారు. 12 బాక్టీరియా సముదాయాలు, 6 శిలీంధ్రాలు బయటపడ్డాయి. బాక్టీరియాలలో తొమ్మిది మనకు తెలిసిన జాతులే. తక్కిన మూడూ కొత్తవని 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి నార్లికర్ గురువైన ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడవదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. తమ దగ్గర బంధువులకంటే ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకోగలవు.

అయితే ఇవి గ్రహాంతరవాసులేనా? అలా రుజువు కాలేదని ఇస్రోవారే నిజాయితీగా చెప్పారు. తరువాతి కాలంలో ఆర్యభటుని పేరుగల బాక్టీరియా అనేక దేశాలలో మామూలు మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర కూడా కనిపించింది. అంటే నేలమీది ప్రాణే గాలితో పైకెక్కి వుండడానికి అవకాశం ఎక్కువ.

దీనితో ఉత్సాహం చల్లారనక్కరలేదు. శత్రువు కోసం ఆకాశమంతా వెతికితే దొరికినది బహుశా మన పెరటి మట్టిలోని ప్రాణి. వెల్స్ కథలో లోకాన్ని కాపాడినదీ ఆ కోవకు చెందినవే సుమా! తెరమీద ఈసారి అంగారక సేనలు దిగినప్పుడు, సైనికులకు కొట్టే చప్పట్లలో ఒకటి రెండు వాటికీ దక్కాలి.