సర్వర్ బిజీ

"సర్వర్ బిజీ ఉండాదమ్మా, మధ్యాన్నం మీద రాండి." పహణి కోసమో, కుల ఆదాయ సర్టిఫికెట్ కోసమో తిరిగినవాళ్లలో ఈ మాట వినని వాళ్లు మన క్లాసులో ఉండరేమో. మిట్టేమరి నుంచి బస్సెక్కి బాగేపల్లికి వచ్చిన రైతుకు ఆ మాట ఖరీదు ఒక రోజు కూలి. అందుకే ఆ సర్వర్ ఎక్కడుందో, దానికేమవుతుందో తెలుసుకోవాలనిపించింది.

2000 ప్రాంతంలో కర్ణాటకలో 'భూమి' పథకం వచ్చింది. సుమారు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల చేతిరాత రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కాయి. మొదట్లో ఏ తాలూకా డేటా ఆ తాలూకాఫీసులోనే ఉండేది. చింతామణి పహణి కావాలంటే చింతామణికే పోవాలి. తర్వాత అదంతా బెంగళూరులోని స్టేట్ డేటా సెంటర్‌కు చేరింది. తాలూకాలను కెస్వాన్ అనే ప్రభుత్వ నెట్‌వర్క్ దానికి కలుపుతుంది. ఇప్పుడు పహణి ఎక్కడైనా తీసుకోవచ్చు. కాకపోతే రాష్ట్రమంతా ఒకే వాకిట్లో నిలబడింది.

మన లైబ్రరీనే తీసుకోండి. లోపలి బీరువాలు డిస్కు. లైబ్రేరియన్ ముందున్న బల్ల మెమరీ, అంటే ర్యామ్. లైబ్రేరియనే ప్రాసెసర్. అడిగిన పుస్తకం బల్ల మీదుంటే చటుక్కున ఇస్తారు, లేకుంటే లేచి లోపలికి వెళ్లాలి. పాత రకం హార్డ్ డిస్కులో ఒక పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అయినా వేర్వేరు చోట్ల ఉన్న రికార్డులను సెకనుకు వందో, రెండొందలో మాత్రమే తీయగలదు. తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీ పదివేలు దాటి తీస్తుంది. కాబట్టి డబ్బుంటే మొదట పెట్టాల్సింది బల్ల పెంచడానికి, ఆ తర్వాత బీరువాలు మార్చడానికి. కొత్త ప్రాసెసర్ కొన్నంత మాత్రాన పని జరగదు. లైబ్రేరియన్లు నలుగురైనా తలుపు ఒకటే కదా!

రైల్వే టికెట్ల సైటు 2014లో మారినప్పుడు నిమిషానికి 2000 టికెట్ల స్థాయి 7200కు పెరిగింది. అక్కడ కొత్త సర్వర్లతో పాటు, తరచూ అడిగే సమాచారాన్ని మెమరీలోనే ఉంచే ఏర్పాటు కూడా చేశారు.

ఇక నెట్‌వర్క్. దూరం వల్ల ఆలస్యం అనుకుంటాం గానీ, బాగేపల్లి నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. జాప్యం సాధారణంగా చివరి నాలుగడుగుల్లో ఉంటుంది: పాత స్విచ్, ఎలుక కొరికిన కేబుల్, పది కంప్యూటర్లు పంచుకునే ఒక్క సన్నటి లైను. వీటిని మార్చడానికి సర్వర్‌కయ్యే ఖర్చులో పిసరంత చాలు. ఎందుకో ఎవరికీ ముందు అది తోచదు.

సాఫ్ట్‌వేర్ అడిగే తీరు కూడా చూడాలి. ఒక పేజీ తెరవడానికి అది 200 సార్లు సర్వర్‌ను అడిగిందనుకోండి. ఒక్కో రాకపోకకు 50 మిల్లీసెకన్లు పట్టే లైనులో మొత్తం 10 సెకన్లు. లైను ఎంత వెడల్పు చేసినా ఈ 10 తగ్గవు. ఇండెక్స్ లేకపోవడమూ ఇలాంటిదే. అకారాది క్రమం లేని నిఘంటువులో ఒక మాట వెదకమంటే ఎంత చురుకైన పిల్లయినా మొదటి పేజీ నుంచి తిప్పాల్సిందే.

ఏ హార్డ్‌వేరూ తగ్గించలేని ఎదురుచూపు మరొకటుంది. ఒకే సర్వే నంబర్ మీద ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి మార్పు చేయబోతే, డేటాబేస్ మొదటివాళ్లకు తాళం ఇచ్చి రెండోవాళ్లను ఆపుతుంది. స్క్రీన్ మీద మాత్రం అదీ మామూలు నిదానంలాగే కనిపిస్తుంది. ఆ తాళం కావాలని పెట్టిందే. అది లేకపోతే, అన్న పేరు ఎక్కిస్తున్న క్షణంలోనే తమ్ముడి పేరు కూడా ఎక్కి, ఆ రెండెకరాలు ఎవరివో కంప్యూటర్‌కే తెలియకుండా పోతుంది.