గడియారము గెలిచిన ఆట

చదరంగమునందు ఆటకట్టు చేయు విధము మీలో పలువురకు తెలిసియుండును. నేడు నేను మాటలాడదలచినది ఆటకట్టు లేకయే చేతికి వచ్చెడి గెలుపును గూర్చి. ప్రతిపక్షి యెత్తు వేయవలసిన గడువు తీరినది. గెలుపు నాదని చెప్పుకొను హక్కు నాకు కలిగినది. ఆ హక్కును ఎప్పుడు వాడుకొనవచ్చును, ఎప్పుడు ఒక్కింత ఆగవలెను? బహుకాలము బడిలో వ్యాకరణము చెప్పినవాడను గనుక ముందు సూత్రము, పిదప అపవాదము చెప్పుట నాకు అలవాటు.

మన అరుగులమీది చదరంగమునకు గడియారము లేదు. ఒక్క యెత్తునకు ఒక తాంబూలము నమలి, అది చాలక మఱియొకటి చుట్టుకొను ఆటగాండ్రను నేనెఱుగుదును. ఐరోపాలోను మొదట అంతియే. 1851లో లండనులో జరిగిన పోటీయందు ఎలైజా విలియమ్సు మందగమనమును గూర్చి స్టాంటను ఎంతయో మొఱపెట్టుకొనెను. 1861లో ఆండర్సెనుకును కోలిషుకును జరిగిన పందెమున ఇసుక గడియలు పెట్టిరి. 1883 లండను పోటీలో ఒకటి నడచునపుడు రెండవది ఆగునట్టి జంట గడియారములు వచ్చినవి. తరువాత గడియారపు ముఖముమీద ఒక చిన్న జెండాను అమర్చిరి. నిమిషపు ముల్లు దానిని మెల్లగా పైకెత్తును. గంట నిండగానే అది జాఱి పడును. జెండా పడినవాడు ఓడినవాడు.

దీనిలో అన్యాయమేమియు లేదు. ఏనుగులు, గుఱ్ఱములు ఇరువురకును సమముగా ఇచ్చినట్లే కాలమును సమముగా ఇచ్చిరి. బంటును పారవేసికొన్నవాడు బంటునకై ఏడువరాదు. నిమిషములను పారవేసికొన్నవాడు నిమిషములకై ఏడువరాదు. "నాకు మంత్రి అధికముగా నున్నది, గడియారము లేకున్న నేనే గెలిచియుందును" అనువారిపై నాకు జాలి లేదు. ఆ మంత్రిని సంపాదించుటకు వారు వెచ్చించినది ఆ కాలమే గదా! అయినను శాస్త్రకారులు ఒక మేర పెట్టిరి. ఎదుటివానికి ఒంటరి రాజు మాత్రమే మిగిలియుండి, ఏ విధమునను ఆటకట్టు చేయజాలనిచో, నా జెండా పడినను అతడు గెలువడు, ఆట సమమగును. బాబీ ఫిషరు 1989లో హక్కుపత్రము పొందిన గడియారము ప్రతి యెత్తునకును కొన్ని క్షణములు కలిపి యిచ్చును. 1992లో స్పాస్కీతో ఆడినపుడు ఆయన దానినే వాడెను.

ఇంతవరకు ఇరువురును ఒకే బల్లకు చేరి కూర్చుండిన ఆట. అంతర్జాలమున ఎదుటివాడు కనబడడు. గడియారము నడచుచుండును గాని, అతడు ఆలోచించుచున్నాడో, అలిగి లేచిపోయినాడో, వానకు కరెంటు పోయినదో మనకు తెలియదు. ఓటమి ఖాయమని ఎఱిగి, తక్కిన పది నిమిషములు ఎదుటివానిని ఊరక కూర్చుండబెట్టి పోవు దుష్టులు లేకపోలేదు. లీచెస్ అను ఆటస్థలమున ప్రతిపక్షి విడిచిపోయినచో కొంతసేపటికి మూడు దారులు చూపుదురు: గెలుపు కోరవచ్చును, సమమని ప్రకటింపవచ్చును, లేదా వేచియుండవచ్చును. యంత్రమునకు తెలియని సంగతిని మనుష్యునకు విడిచిన ఈ యేర్పాటు నాకు నచ్చినది.

పెద్దల పోటీలలోను ఈ చిక్కు వచ్చినది. 2020లో అంతర్జాలమున ఒలింపియాడు జరిగెను. మన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక భారత జట్టులో నుండిరి. అర్మేనియాతో జరిగిన పోరులో వారి ఆటగాడొకనికి సంధానము తెగి, కాలము తీరి, నిహాల్ సరీన్ చేతిలో ఓడెను. వారు పెట్టుకొన్న అప్పీలు చెల్లలేదు. రెండవ పోరు ఆడకయే వారు వైదొలగిరి. అటుపై ఆగస్టు 30వ తేదీన రష్యాతో తుదిపోరు. ఈసారి అంతర్జాలమునకే ఉపద్రవము కలిగి, ఆ నిహాలును దివ్యా దేశ్‌ముఖును కాలముచేత ఓడిరి. ఇప్పుడు అప్పీలు మనది. ఫిడే అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ ఇరు జట్లకును స్వర్ణము ప్రకటించెను. నేనును సంతోషించితిని. కాని రథచక్రము క్రుంగినపుడు కర్ణుడు ధర్మము తలచుట, కృష్ణుడు వెనుకటి సంగతులు అడుగుట నాకు జ్ఞప్తికి రాకపోలేదు. అర్మేనియావారికి తెగినది ఒక్కని సంధానము, మనకు తెగినది లోకవ్యాప్తమైన ఉపద్రవమున అని భేదము చెప్పవచ్చును. ఆ భేదము ఓడినవానికి ఎంత ఊరట?

అదే యేడు కార్ల్‌సెన్ చేసిన పని వేఱు. డింగ్ లిరెన్ సంధానము తెగి ఆట కోల్పోగా, కార్ల్‌సెన్ తరువాతి ఆటలో నాలుగైదు ఎత్తులకే తన మంత్రిని కావలెనని బలియిచ్చి ఓటమి నొప్పుకొనెను. ఏ నియమమును అతనిని అట్లు చేయుమనలేదు.

నా సంగతియు చెప్పవలెను. దినములు గడువుగా ఆడు ఆటలు కొన్ని కలవు. నాది మూడు దినములకొక యెత్తు. ఆ స్థలమున గడువు తీరినను ఆట దానంతట ముగియదు; ఎదుటివాడు మీట నొక్కి గెలుపు కోరవలెను. నా ప్రతిపక్షి ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి. ముఖపరిచయము లేదు. నా కాఫీకి ముందే ఆయన యెత్తు వచ్చియుండెడిది. నాకంటె ఒక ఏనుగు అధికముగా నుండి, ఆయన హఠాత్తుగా మౌనము వహించెను. గడువు తీరినది. "తాతయ్యా, నొక్కెయ్యండి, రూలు రూలే కదా!" అని మనుమడు తొందరపెట్టెను. నొక్కితిని. నా అంకములు ఎనిమిది పెరిగినవి. వానికంటె నేనే ఎక్కువ సంతోషించితినని చెప్పుటకు సిగ్గగుచున్నది.

పది దినములకు ఆయన వ్రాసెను: "మాస్టారూ, కంటికి శుక్లము తీయించుకొన్నాను. డాక్టరుగారు కొన్నాళ్లు ఫోను చూడవద్దన్నారు. చూచేసరికి ఓడిపోయి ఉన్నాను. ముందుగా చెప్పకపోవడం నా తప్పే."

సెలవు కోరు ఏర్పాటు ఆ స్థలమున కలదు, ఆయన ఎఱుగరు. నియమము నాపక్షముననే యున్నది. కాని మీట నొక్కుటకు ముందు "క్షేమమా?" అని ఒక్క పంక్తి వ్రాయుటకు నాకు అర నిమిషము చాలును. మూడు దినములు వేచినవాడను ఆ అర నిమిషము ఏల వెచ్చింపలేదో నాకు నేడును తెలియదు. నాటినుండి వ్రాయకుండ నొక్కుట మానితిని. జవాబు రానిచో మఱి రెండు దినములాగి నిస్సంకోచముగా నొక్కెదను.

అంకములు మరల్చుటకు అచట వీలు లేకపోయెను. కావున ఆ బలగమును ఉన్నదున్నట్లు పేర్చుకొని, పందెము లేని ఆటగా విడిచినచోటనే ఎత్తుకొంటిమి. ఇరువది రెండు ఎత్తులలో ఆ ఏనుగే నా రాజును మూలకు త్రోసి ఆటకట్టు చేసినది. మఱునాడు నేను కాఫీ త్రాగకముందే క్రొత్త ఆటకు ఆయన మొదటి బంటు నడచియుండెను.