ముత్యాలపాడు పాదిరి

పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లండు దేశపు పల్లెలలో ఆంగ్లికను మతగురువునకు ఒక ప్రత్యేక స్థానముండెడిది. ఆయన పోషణలో ఉన్న ప్రాంతమునకు విచారణ అని పేరు. అందు ఆయనకు గుడి, నివాసము, కొంత ఆదాయము ఏర్పడియుండెడివి. ఆదివారము ప్రార్థన జరుపుట, శిశువులకు బాప్తిస్మ మిచ్చుట, వివాహములు చేయించుట, మృతులను భూస్థాపన చేయుట, బీదలను పరామర్శించుట ఆయన విధులు. పెక్కు పల్లెలలో బడి బాగోగులు చూచినవాడును ఆయనయే.

అట్టి గురువు మన రాయలసీమకు వచ్చినచో ఆయన బ్రదుకు ఎట్లుండును? జాన్ క్లే జీవితమే దానికి సమాధానము.

లండనులో 1701లో ఏర్పడిన సువార్త ప్రచార సంఘము 1842 ప్రాంతమున కడప సీమలో పని ప్రారంభించెను. అప్పటికే కొన్ని మాలపల్లెలవారు తమకు బోధకులు కావలెనని తామై కోరుచుండిరి. 1854–55 ప్రాంతమున క్లే ముత్యాలపాడు చేరెను. ఈ గ్రామము నల్లమలకు పడమట, నేటి నంద్యాల జిల్లా చాగలమఱ్ఱి మండలములో నున్నది. దాదాపు మూడు దశాబ్దములు ఆయనకు అదియే నివాసము.

ఇంగ్లండు గురువునకు ఒక పల్లె విచారణయైన, ఇక్కడ పాదిరికి పెక్కు పల్లెలు విచారణ. వర్షాకాలములో నల్లరేగడి బురదయై దారులు మూసికొనిపోవును. వేసవిలో నేల నెఱ్ఱెలు విచ్చును. కనుక ఒక్కని వలన పని సాగదు. ఊరూర తెలుగు ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు అక్షరములు నేర్పి, సాయంకాలము ప్రార్థన జరుపుచుండెను. పాదిరి నడుమ నడుమ వచ్చి పరీక్షించి పోవుచుండెను. ఊరి బడి మెట్టు తొక్కనీయని కులముల పిల్లలకు ఆ పాక బడియే మొదటి చదువు.

ఇంతలో 1876–78 కరవు వచ్చెను. దానినే జనులు ధాత కరవనిరి. 1877 ఆరంభములో ప్రభుత్వము కరవు పనులలో కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును కొలది డబ్బునకును తగ్గించెను. ఆ యేడే లండనులో విరాళములు పోగై మదరాసు రాజధానికి వచ్చెను; వాటిని పంచుటలో పాదిరులును పాలుపంచుకొనిరి. 1871లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి ఏడు లక్షల ప్రాంతమునకు దిగజారెను.

కరవు తరువాత అనేకులు క్రైస్తవ మతమును కోరి వచ్చిరి. వీరు అన్నము కొఱకు వచ్చిరా, విశ్వాసముతో వచ్చిరా అని అప్పుడే కొందఱు ప్రశ్నించిరి. అది పాదిరులకును చిక్కు ప్రశ్నయే. ఆకలిగొన్నవానిని పొమ్మనుట ధర్మము కాదు. ఆకలిని ఆసరాగా గొని మతమిచ్చుటయు ధర్మము కాదు. అయితే ఆ పల్లెజనులు గింజలు మాత్రమే గాక గౌరవమును, అక్షరమును గూడ కోరిరని మఱువరాదు. కరవునకు మునుపే వారు బోధకుల నడిగియుండిరి గదా!

వానలు కురిసినవి, గంజి కేంద్రములు మూతపడినవి. బడులు మాత్రము నిలిచినవి. నంద్యాలలో ఆ సంఘము పేరు గల ఉన్నత పాఠశాలలో ఎందఱో బాలురు చదివిరి. పల్లె గురువు చేసిన పనికి కొలత ఆయన కట్టిన గోడలు కావు. ఆయన వెళ్లిపోయిన పిదప కూడ పలక పట్టిన చేతులే.