హోండా అంటే వరిమడి! జపాను చదువుకు వెళ్లిన మన పిల్లలకు ఎదురయ్యే వింతలు

హోండా అంటే మన పల్లెల్లో మోటారు సైకిలు. జపానులో మాత్రం అది ఒక ఇంటిపేరు. 'హొన్' అంటే మూలం, 'దా' అంటే వరిమడి. ఆ సంస్థను పెట్టినాయన ఇంటిపేరే బండికీ పేరయింది. టొయోటా కార్ల సంస్థను పెట్టిన వారి ఇంటిపేరు టొయోదా. దానికి కలిగిన మడి అని అర్థం. తనాకా అంటే మడి నడుమ, యమాదా అంటే కొండ మడి. అక్కడి సామాన్య జనమంతా ఇంటిపేరు పెట్టుకుని తీరాలని 1875లో ఉత్తర్వు వచ్చింది. అప్పుడు మడి, కొండ, ఏరు, ఊరు దేన్నిబట్టి తోస్తే దాన్నిబట్టి పేర్లు పెట్టుకున్నవారు చాలామంది.

జపాను భాష చదవడానికి ఇక్కడి నుంచి వెళ్లే కుర్రవాడికి మొదటి వారంలోనే తెలిసే సంగతి ఇంకొకటుంది. వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పి, అసలు పేరు తరువాత చెబుతారు. ఇంగ్లీషు వాళ్లకు ఎంత చెప్పినా తలకెక్కని ఈ వరస జపాను గుమాస్తాకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. చిక్కంతా పేరు రాయడంలోనే వస్తుంది. వారి భాషలో 'ల' లేదు, 'ర' ఒక్కటే. 'వ' పలికించాల్సిన చాలా చోట్ల 'బ' వేస్తారు. లక్ష్మి కాస్తా 'రకుషుమి' అవుతుంది. వెంకట కాస్తా 'బెంకట' అవుతుంది. తాతగారి పేరు, కులదైవం పేరు కలిపి పెట్టుకున్న మన పొడుగు పేర్లు వాళ్ల ఫారాల్లోని గళ్లలో పట్టవు. కాగితం అంచు దాటిపోతాయి.

పుట్టిన సంవత్సరం రాయడంలోనూ తికమక ఉంది. చక్రవర్తి మారితే వారి సంవత్సరాల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. 2003లో పుట్టినవాడు కొన్ని ఫారాల్లో 'హేసెయి 15' అని రాయాలి. 2019 మే నెల నుంచి నడుస్తున్నది 'రేవా'. ప్రభవ, విభవ అని లెక్కపెట్టుకునే మన పెద్దలకు ఇది పెద్ద వింతేమీ కాదు. పైగా అరవై ఏళ్ల చక్రం వారికీ ఉంది. అరవై నిండిన పెద్దాయనకు ఎర్ర చొక్కా, ఎర్ర టోపీ తొడిగి వేడుక చేస్తారు. దాన్ని 'కన్రెకి' అంటారు. మన షష్టిపూర్తి వంటిదే.

అ, ఇ, ఉ, ఎ, ఒ

జపాను భాష అనగానే చాలామంది జడుస్తారు. మూడు రకాల లిపులు నేర్వాలి. వాటిలో రెండు అక్షరమాలలు, ఒక్కొక్కదానిలో 46 అక్షరాలు. మూడోది బొమ్మ అక్షరాలు, అంటే కంజీలు. నిత్య వాడుకకని ప్రభుత్వం నిర్ణయించినవే 2,136 ఉన్నాయి. అయితే మన తెలుగువాడికి ఇక్కడ కొంత లాభమున్నది. వారి అక్షరమాల 'అ, ఇ, ఉ, ఎ, ఒ' అని మొదలై 'క, స, త, న' అంటూ సాగుతుంది. ఏనాడో బౌద్ధం వెంట వెళ్లిన సంస్కృత వర్ణక్రమం చలవ అది. మాట కూర్పూ మనదే. కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర. మనం 'తింటారా' అని చివర దీర్ఘం తీసి అడిగినట్లే వాళ్లు 'తబెమసు కా' అని చివర 'కా' చేర్చి అడుగుతారు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి తెలుగు మరచినవాడికి మాత్రం ఈ లాభం సగమే దక్కుతుంది.

బొమ్మ అక్షరాలు రైతుబిడ్డకు సులువుగానే పట్టుబడతాయి. మడి అనే అక్షరం నలుచదరపు గీత, లోపల అడ్డంగా ఒక గట్టు, నిలువుగా ఒక గట్టు. మడి కింద బలం అనే గుర్తు పెడితే మగవాడు. చెట్టు ఒకటి గీస్తే చెట్టు, రెండు గీస్తే తోపు, మూడు గీస్తే అడవి. అన్నీ ఇంత సులువని అనుకుంటే మాత్రం మోసపోయినట్లే.

బంధుత్వాల మాటలు వింటే ఇంకా ఆశ్చర్యం. అన్నకు ఒక మాట, తమ్ముడికి ఇంకొక మాట. అక్క వేరు, చెల్లెలు వేరు. అన్న 'అని', అక్క 'అనె'. వరికి 'ఇనె', వడ్లకు 'మొమి', బియ్యానికి 'కొమె', అన్నానికి 'గోహన్' అంటారు. ఇంగ్లీషులో ఈ నాలుగింటికీ రైస్ అనే మాటతోనే సరిపెట్టుకోవడం కద్దు. గోహన్ అంటే అన్నమే కాదు, భోజనం కూడా. మనం 'అన్నం తిన్నావా' అంటే భోజనం అయిందా అని కదా అర్థం!

అన్నం ఉంది, కలుపుకునేది లేదు

అన్నమైతే ఉంది గాని కలుపుకోవడానికి వీల్లేదు. వారి బియ్యం పొట్టి గింజ. వండితే ముద్దగా అంటుకుంటుంది. పప్పు, పులుసు పోసి కలపరు. గిన్నె ఎడమ చేత్తో ఎత్తిపట్టి, పుల్లలతో అన్నం అలాగే తింటారు. కూర వేరే గిన్నెలో ఉంటుంది. ఎడమ చేయి అన్నం గిన్నెకు తగలరాదని పెరిగిన పిల్లవాడికి ఇది మొదట్లో మింగుడుపడదు. అక్కడ గిన్నె ఎత్తకుండా, దాని మీదకు వంగి తినడమే మర్యాద తక్కువ పని.

తెలియక చేసే పెద్ద తప్పొకటుంది. చేయి ఖాళీ చేసుకుందామని పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చుతారు. ఎదుట కూర్చున్నవారి ముఖం మాడిపోతుంది. చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరు పుల్లలతో ముక్క అందుకోవడమూ తగదు. దహనం తరువాత అస్థికలను ఏరేటప్పుడు అలా అందుకుంటారు కనుక. మన ఇళ్లలో కర్మకాండలప్పుడు చేసే పనులు మామూలు రోజున చేస్తే పెద్దలు ఎలా కసురుతారో ఇదీ అంతే.

మాంసం ముట్టని ఇంటి పిల్లలకు మరొక చిక్కు. చూడబోతే సొరకాయ ముక్కల పులుసులా ఉంటుంది. అందులోని నీరు మాత్రం ఎండుచేప కాచి వడగట్టినది. దాన్ని 'దాషి' అంటారు. కూరగాయల వంటకం అని రాసి ఉన్నా అది ఉండవచ్చు. అక్కడికి వెళ్లాక కొందరు మెల్లగా తినడం మొదలుపెడతారు, కొందరు పట్టుదలగా గదిలోనే కుక్కరు పెట్టుకుంటారు. టోక్యోలో నిషి కసాయి అనే పేట భారతీయులకు పెట్టింది పేరు. అక్కడ కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. ఆ పేటకు దూరాన ఉన్నవారికి ఇంటి నుంచి వెళ్లిన కారం పొడే దిక్కు. ఒక్క ఊరట ఏమంటే 'ఉమెబోషి'. పుల్లటి కాయలను ఉప్పులో ఊరవేసి, తరువాత ఎండబెట్టి దాచుకుంటారు. మాగాయ పెట్టే ఇంటి ఆడవారు చూస్తే పద్ధతి వెంటనే పోల్చుకుంటారు. కారం మాత్రం ఉండదు.

చెత్తకూ వారం వర్జ్యం

ఇంట్లోకి వెళ్లేముందు చెప్పులు విడవడం మనకు కొత్త కాదు. మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి. వాటితోనే గదిలోకి నడిచి వచ్చి నాలుక కరచుకోని కొత్తవాడు అరుదు. మరుగుదొడ్డిలో నీళ్లు చిమ్మే ఏర్పాటు 1980 నుంచి ఇళ్లలోకి వచ్చింది. కాగితంతో ఎలాగని దిగులుపడి వెళ్లిన మనవాళ్లు అది చూసి ప్రాణం లేచివచ్చిందంటారు.

స్నానం తీరు వేరు. తొట్టిలో దిగేముందు బయటే పీట మీద కూర్చుని ఒళ్లు రుద్దుకోవాలి. శుభ్రమయ్యాకే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. ఇంటిల్లిపాదికీ ఆ నీళ్లే. అతిథి ఉంటే మొదట అతను దిగుతాడు. తెలియని అతిథి సబ్బు తొట్టిలోకి తీసుకువెళ్లి, పని అయ్యాక మర్యాదగా నీళ్లన్నీ వదిలేస్తే, వెనుక నలుగురూ మళ్లీ నీళ్లు కాచుకోవలసిందే.

అన్నింటికన్నా ఎక్కువ మాటలు పడేది చెత్త దగ్గర. కాలేవి ఒక రోజు, కాలనివి ఒక రోజు, సీసాలు, డబ్బాలు ఇంకొక రోజు. ఏ ఊరి వారం ఆ ఊరిదే. చాలా చోట్ల ఉదయం ఎనిమిదికల్లా పెట్టాలి. కొన్ని ఊళ్లలో పురపాలక సంఘం వారి సంచే వాడాలి. తప్పు రోజున పెట్టిన సంచికి చీటీ అంటించి అక్కడే వదిలిపోతారు. వీధి వీధంతా చూస్తుంది. పోనీ దారిలో ఎక్కడైనా పారేద్దామంటే చెత్తకుండీలు కనిపించవు. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలిన ఘాతుకం తరువాత చాలా చోట్ల వాటిని తీసివేశారు. చెత్త చేతపట్టుకుని ఇంటికి తెచ్చుకోవడం అక్కడి జనానికి అలవాటే.

'కొంచెం...' అంటే కుదరదని

భాష పరీక్షలో నెగ్గినా మాట తెలియడం వేరు. పని చేసే చోట సెలవు అడిగితే యజమాని 'చోత్తో...' అని ఆగిపోతాడు. చోత్తో అంటే కొంచెం అని పుస్తకంలో ఉంటుంది. కొంచెం ఆగితే ఇస్తాడనుకుని మనవాడు నిలబడే ఉంటాడు. ఆయన కుదరదని చెప్పడం అప్పటికే అయిపోయింది! ముఖం మీద కాదనడం వారికి మోటు. అలాగే వాళ్లు 'హాయ్, హాయ్' అంటుంటే ఒప్పుకున్నారని సంబరపడరాదు. వింటున్నాను, చెప్పు అని దాని భావం కావచ్చు. మన ఊకొట్టడం లాంటిది. మనవాళ్లు ఔననడానికి తల పక్కలకు ఊపితే జపాను వారికి ఔనో కాదో తేలదు.

రైలులో ఫోను మాట్లాడరాదు. గోడలు పలుచన గనుక రాత్రిపూట గదిలోనూ గొంతు పెంచరాదు. పొలం గట్టున ఈ చివర నుంచి ఆ చివరకు కేక వేసి మాట్లాడే ఊరి నుంచి వెళ్లినవాడికి ఇది నిజంగా కష్టం.

ఇరవై ఎనిమిది గంటలు

ఇవన్నీ నవ్వుకుని సర్దుకునేవి. సర్దుకోవడానికి వీలులేనిది ఒకటుంది. అది తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి.

భాషా పాఠశాలలో చేరాలంటే సాధారణంగా ఇంటరు పూర్తి చేసి ఉండాలి. కొంత భాష ఇక్కడే నేర్చి ఉండాలి. ఫీజు ఏడాదికి ఏడెనిమిది లక్షల యెన్‌లు అవుతుంది. అంటే మన లెక్కన నాలుగు లక్షల రూపాయలకు పైమాటే. గది అద్దెకు తీసుకుంటే అడ్వాన్సు కాక, 'రేకిన్' అని యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే సొమ్ము చాలా చోట్ల ఉంటుంది. అది తిరిగి రాదు. హామీ సంతకమూ కావాలి. కొత్తవారు పాఠశాల వసతిగృహంలో దిగడం మేలనేది అందుకే.

ఇంత సొమ్ముకు పొలం తాకట్టు పెట్టి, అక్కడ పని చేసి పిల్లవాడే తీరుస్తాడులే అని లెక్క వేసుకునే ఇళ్లు ఉన్నాయి. 'చదువుకుంటూ సంపాదన' అని మధ్యవర్తులు ఊరిస్తారు. చట్టం మాత్రం విద్యార్థికి వారానికి 28 గంటలే పని ఒప్పుకుంటుంది. దానికీ ముందు అనుమతి ముద్ర కావాలి. విమానాశ్రయంలో దిగినప్పుడే అడిగి తీసుకోవచ్చు. పాఠశాల ఇచ్చే దీర్ఘ సెలవుల్లో రోజుకు ఎనిమిది గంటల దాకా చేయవచ్చు. రెండు చోట్ల పని చేస్తే రెండూ కలిపే 28. పన్ను కాగితాల్లో జీతం లెక్క ఉంటుంది గనుక వీసా పొడిగింపు నాడు దాగదు. గంటలు మించినా, బడికి హాజరు తగ్గినా పొడిగింపు ఆగిపోవచ్చు. అప్పుడు కుర్రవాడు ఇంటికి వస్తాడు, అప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ 28 గంటల సంపాదన తిండికి, గదికి ఆసరా అవుతుంది. ఫీజూ, అప్పూ రెండూ దానితోనే తీరతాయని చెప్పేవారి మాట నమ్మరాదు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి ఉంచరాదు. నివాస కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. గది కుదిరిన 14 రోజుల్లోగా పురపాలక కార్యాలయంలో చిరునామా రాయించాలి. ఆరోగ్య బీమాలో చేరితే వైద్యం ఖర్చులో మూడు వంతులు, అంటే పదింట మూడు, తాను పెట్టుకుంటే చాలు.

ఆగస్టు నడిమిలో 'ఒబొన్' వస్తుంది. పితృదేవతలు ఇంటికి వస్తారని దీపాలు పెట్టే పండుగ. పట్నాల్లో పని చేసేవారంతా సొంత ఊళ్లకు కదులుతారు. మన సంక్రాంతి రద్దీని తలపించేలా రైళ్లు కిటకిటలాడతాయి. పాఠశాలకూ సెలవులే. మనవాడికి మాత్రం అది ఎక్కువ గంటలు పని దొరికే కాలం. ఊరికి వెళ్లినవారి బదులు అంగడిలో నిలబడతాడు.

అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు. ఇక్కడ తండ్రి పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని రాత్రి ఏడింటికి ఫోను చేస్తే, అక్కడ పదిన్నర. పని నుంచి అప్పుడే వచ్చిన కుర్రవాడు పక్క గదివారికి వినపడకుండా దుప్పటి కప్పుకుని గుసగుసగా మాట్లాడతాడు. ఇవతల తండ్రి మాత్రం, ఏమిట్రా ఆ గొంతు, ఒంట్లో బాగాలేదా, గట్టిగా చెప్పు అని కేకవేస్తాడు.