క్రిమి పోయినా మంట పోదేం?

వరంగల్లులో మా పిన్నికి మూత్రంలో మంట. మందులు వాడాక పరీక్షలో క్రిములు లేవన్నారు. మంట మాత్రం అలాగే ఉంది. “అంతా నీ భ్రమ!” అన్నారు ఇంటిల్లిపాదీ. భ్రమ కాదనే నేనంటాను.

ఈ జబ్బుకు చాలామట్టుకు కారణం ఈ.కోలై. అది మూత్రాశయంలో చేరగానే రక్తంలోని తెల్లకణాలు దండెత్తి వస్తాయి. వాపూ, నొప్పీ చాలావరకు ఈ పోరాటం వల్లనే.

పొర అడుగునే మకాం వేసి మాస్ట్ కణాలుంటాయి. 1878లో జర్మనీలో పాల్ ఎర్లిక్, ఇంకా విద్యార్థి, వాటినిండా గుళికలు చూసి బాగా మేసి బలిశాయనుకుని ఆ పేరు పెట్టాడు. నిజానికవి హిస్టమిన్ వంటి రసాయనాలు దాచుకున్న మందుగుండు సంచులు!

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2024లో అసలు గుట్టు బయటపెట్టారు. జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తే పొర ఊడి, దానితో నరాల కొసలూ పోతాయి. వాటిని మళ్ళీ మొలిపించే పదార్థాన్ని ఈ కణాలు కూడా విడుస్తాయి. అయితే మోతాదు మించుతుంది. నరాలు గుబురుగా పెరుగుతాయి. మన ఏనుమాముల మార్కెట్టు మిరపకాయ ఘాటుకు ఉలిక్కిపడే జాతి నరాలే ఇవీ. ఇక మూత్రాశయం కాస్త నిండినా బాధే. క్రిమిని చంపే మాత్ర నరాన్ని కత్తిరించదుగా! చిట్టెలుకల్లో మాత్రం ఆ పదార్థాన్ని అడ్డగిస్తే బాధ తగ్గింది.