యంత్రానికి లొంగని కొక్కెం

దారాన్ని ఉచ్చులుగా పన్ని గుడ్డగా మలిచే చేతి పద్ధతులలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నవి రెండు. రెండు పొడవాటి సూదులతో చేసే స్వెట్టర్ అల్లిక, అనగా నిట్టింగ్, వాటిలో మొదటిది కాగా, కొన వంచిన ఒకే ఒక సూదితో చేసే క్రోషే రెండవది. గోదావరి జిల్లాలలో దీనినే లేసు అల్లిక అంటారు. మొదటిది నాలుగు వందల ఏళ్ల కిందటే యంత్రానికి లొంగిపోయింది, రెండవది ఇప్పటికీ చేతిని విడిచిపెట్టలేదు. ఈ తేడాకు మూలం ఉచ్చుల అమరికలో ఉంది.

నిట్టింగ్‌లో ఒక వరసలోని ఉచ్చులన్నీ సూది మీద తెరుచుకునే ఉండి, తమ వంతు కోసం వేచి ఉంటాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హమ్ షైర్‌కు చెందిన విలియం లీ 1589లో ఈ సంగతిని పట్టుకుని, ప్రతి ఉచ్చుకూ ఒక్కొక్క కొక్కేన్ని కేటాయించి, వరస మొత్తాన్ని ఒకే ఊపులో అల్లే మగ్గాన్ని నిర్మించాడు. చేతి అల్లికతో బతికేవారి జీవనోపాధి పోతుందన్న భయంతో ఎలిజబెత్ రాణి ఆయనకు హక్కు పత్రం ఇవ్వలేదని చెబుతారు. లీ ఫ్రాన్సుకు వెళ్లాడు గాని, ఆదరించిన నాలుగవ హెన్రీ రాజు 1610లో హత్యకు గురికావడంతో ఆ ఆసరా కూడా పోయింది.

లీ మగ్గంలోని కొక్కేన్ని ప్రతి కుట్టుకూ ఒక కడ్డీతో నొక్కి మూయవలసి వచ్చేది. ఆ అవసరాన్ని తప్పించినది 1840ల చివర లెస్టర్ నగరవాసి మాథ్యూ టౌన్‌సెండ్ రూపొందించిన నాలుక సూది. ఇందులో కొక్కెం కింద అటూ ఇటూ వాలే చిన్న లోహపు నాలుక ఒకటి ఉంటుంది. సూది పైకి లేచినప్పుడు పాత ఉచ్చు ఆ నాలుకను తెరుస్తూ కిందికి జారుతుంది; కొక్కెం కొత్త దారాన్ని అందుకుని దిగుతున్నప్పుడు అదే పాత ఉచ్చు నాలుకను పైకి నెట్టి కొక్కేన్ని మూసి, దాని మీదుగా జారి విడిపోతుంది. తలుపు తీయడం, వేయడం రెండూ ఉచ్చుచేతనే చేయించిన ఈ ఆలోచన యంత్ర చరిత్రలోని అందమైన ఆలోచనలలో ఒకటి. నేటి బనీన్లు, టీషర్టులు, మేజోళ్లలో అధికభాగం ఇలాంటి సూదుల మీద పుట్టినవే.

క్రోషేలో వేచి ఉండే వరస లేదు. కొక్కెం మీద బతికి ఉండేది సాధారణంగా ఒకే ఉచ్చు, మిగిలినవన్నీ అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. తరువాతి కుట్టు కోసం సూది కింది వరసలోని ఏ సందులోకైనా, ఒక్కోసారి మరో కుట్టు నడుము చుట్టూ కూడా దూరవలసి ఉంటుంది. దారం బిగువును బట్టి ఆ సందు చోటు మారుతుంది. ఎడమచేతి చూపుడు వేలు ఆ బిగువును సవరిస్తూ ఉండగా కుడిచేయి సందును వెతుక్కుంటుంది. ఇంత మెత్తని, కదిలే గుడ్డలో దారి వెతకడం యంత్రానికి కష్టం. కర్మాగారాలలో క్రోషే యంత్రం అని పిలిచేది నిజానికి నిలువు గొలుసులను అడ్డ దారాలతో కట్టే నిట్టింగ్ యంత్రమే. జర్మనీలోని బీలెఫెల్డ్ పరిశోధకులు నిజమైన క్రోషే కుట్లు వేసే నమూనాను రూపొందించారు గాని, అది చేయి చేసే పనిలో కొద్ది భాగాన్నే అందుకోగలిగింది. చేతి క్రోషేలో కుట్లను ఎక్కడైనా పెంచుకోగల స్వేచ్ఛనే ఆధారం చేసుకుని, కార్నెల్ విశ్వవిద్యాలయ గణితవేత్త డైనా తైమినా 1997లో హైపర్బోలిక్ తలాన్ని, అనగా అంచులకు పోయే కొద్దీ మడతలు పడుతూ విస్తరించే ఉపరితలాన్ని, క్రోషేతో అల్లి చూపింది.

తెలుగునేలపై ఈ విద్యకు స్థిరమైన చిరునామా నరసాపురం. 1844లో మెక్రే అనే మిషనరీ దంపతులు దుమ్ముగూడెంలో స్త్రీలకు నేర్పడంతో ఇది గోదావరి తీరంలో మొదలైందని చెబుతారు. నరసాపురంలో వ్యాపారి నుంచి ఏజెంటుకు, ఏజెంటు నుంచి ఇంటికి దారం చేరుతుంది. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతుకుతారు. తల్లి పక్కన కూర్చున్న కూతురు చూసి నేర్చుకుంటుంది. యంత్రానికి లొంగని పనికి మంచి కూలి దక్కవలసింది. అలా జరగకపోవడానికి కారణాన్ని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీలపై ప్రచురించిన గ్రంథంలో విశదం చేసింది: ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే ఆ స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళను గడుపుకునే గృహిణులుగా లెక్కగట్టారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది పేరును కాపాడగలదు గాని కూలిని నిర్ణయించదు, కూలి ప్రశ్న ఇంకా పరిష్కారం కావలసే ఉంది.

మార్కెట్టుకే కాక ఇంటి వాడకానికీ ఈ అల్లిక పనికొస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే మహారాష్ట్రలోని చంద్రపూర్ వంటి చోట ఉన్ని స్వెట్టరుకు పని తక్కువ. తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన ఆ జిల్లా వేడికి నూలు క్రోషే చక్కగా సరిపోతుంది. తోరణాలకూ, బల్ల గుడ్డలకూ కావలసింది నూలు దారం, ఒక ఉక్కు సూది మాత్రమే. ఈ విద్య ఇళ్లలో తరం నుంచి తరానికి సాగడానికి కుట్టు నిర్మాణం కూడా తోడ్పడుతుంది: ప్రతి కుట్టూ విడిగా ముగుస్తుంది కనుక, అమ్మమ్మ అల్లిన తోరణాన్ని మనవరాలు కుట్టు కుట్టుగా లెక్కపెట్టి, కాగితం మీద నమూనా లేకుండానే తిరిగి అల్లగలదు, లెక్క తప్పితే ఉచ్చు నుంచి సూది తీసి దారాన్ని లాగితే చాలు, తప్పిన చోటు వరకూ అల్లిక ఊడి వస్తుంది.